ఎర దగ్గర సెన్సర్ మోగుతోంది, లేచి చూసేసరికి కయోటీ ఉండటం లేదు: పొరపాటు ఎక్కడ?

దొడ్డికాపరి:

నమస్కారం. అమెరికాలోని మేన్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, అడవి అంచున, ఇరవై రెండు గొర్రెల చిన్న మందను పెంచుతున్నాను. పోయిన వసంతంలో గొర్రెలు ఈనే కాలంలో మూడు పిల్లలను కోల్పోయాను. వాటిలో రెండింటి గొంతు మీద కాట్లున్నాయి. పక్కనే కరుగుతున్న మంచులో, కుక్క అడుగుల్లా అటూ ఇటూ తిరగకుండా, దారం పట్టి గీసినట్టు తిన్నగా సాగిన కయోటీ (తోడేలుకు దగ్గరి చుట్టమైన, దానికన్నా చిన్న అడవి జంతువు) జాడ కనిపించింది. అందుకని ఈ చలికాలంలో రాత్రి వేట అనుమతి తీసుకుని, కొట్టానికి తొంభై గజాల దూరంలో, పచ్చిక బయలు చివర మాంసం ఎర పెట్టాను. ఎర మీదికి రెండు ట్రైల్ కెమెరాలను, అంటే జంతువు ఎదుటికి రాగానే తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను, గురిపెట్టాను. వాటిలో ఒకటి ఫోటోను నేరుగా ఫోనుకు పంపుతుంది. ఎర పక్కనే ఒక కర్రకు కదలికను పసిగట్టే సెన్సర్‌ను కట్టి, అది మోగించే గంటను మంచం పక్కన పెట్టుకున్నాను.

మూడు వారాలైంది. ఒక రాత్రి గంట పదకొండుసార్లు మోగింది. అందులో తొమ్మిదిసార్లు కుందేలు, ఒకసారి ఎర్రనక్క వచ్చాయి. మిగిలిన ఒక్కసారి మాత్రం నిజంగానే కయోటీ వచ్చింది కానీ, నేను కొట్టంలోకి వెళ్ళి కిటికీ తెరిచేలోగా మాంసం ముక్కను నోట కరుచుకుని చెట్లలోకి వెళ్ళిపోయింది. ఫోనులో ఫోటో వచ్చేసరికి అది వెళ్ళిపోయి కూడా రెండు నిమిషాలైంది. కెమెరాను మార్చాలా, సెన్సర్‌ను మార్చాలా, లేక నేను కూర్చునే చోటునే మార్చాలా? అనుభవమున్నవారు చెప్పగలరు.

ఉత్తరగాలి:

దొడ్డికాపరి గారూ, పరికరాల సంగతి తరువాత చూద్దాం, ముందు ఎర సంగతి తేల్చుకోవాలి. మీరు మాంసాన్ని ముక్కలుగా పడేస్తున్నట్టున్నారు. ముక్క దొరికిన కయోటీకి అక్కడ నిలబడి తినవలసిన అవసరమే లేదు. ఒక బకెట్‌లో మాంసపు వ్యర్థాలు, ఎముకలు వేసి, నిండా నీళ్ళు పోసి, రాత్రంతా ఆరుబయట ఉంచండి. తెల్లవారేసరికి రాయిలా గడ్డకట్టిన దిమ్మె తయారవుతుంది. దాన్ని బకెట్ నుంచి ఊడదీసి, మంచులో సగం వరకు పూడ్చి, పైన కొంచెం నీళ్ళు పోస్తే నేలకు అతుక్కుపోతుంది. ఇక కయోటీ దాన్ని గీకుతూ, కొరుకుతూ ఉండవలసిందే తప్ప ఎత్తుకుపోలేదు. నా దగ్గర ఒక దిమ్మె పదమూడు రోజులు నిలిచింది. దాని పైభాగమంతా పళ్ళ గాట్లతో, బాలింత గదిలోని చెక్క ఉగ్గు గిన్నెలా అరిగిపోయింది.

రెండవది గాలి. కయోటీ ఎర దగ్గరికి తిన్నగా రాదు. ఎర వాసనతోపాటు మనిషి వాసన కూడా గాలిలో ఉందేమోనని, గాలి వాలున పెద్ద చుట్టు తిరిగి, అక్కడ కాసేపు నిలబడి, ఆ తరువాతే లోపలికి అడుగు వేస్తుంది. అందుచేత మీ కొట్టం నుంచి ఎరవైపు వీచే గాలి ఉన్న రాత్రి అసలు కూర్చోకండి. అడ్డంగా వీచే గాలి మేలు. కిటికీని కూడా వచ్చాక తెరవడం కాదు, చీకటి పడకముందే తెరిచి ఉంచి, దాని ముందు ఒక దళసరి గుడ్డ వేలాడదీయండి. సున్నాకు దిగువన ఉన్న చలిలో చెక్క కిటికీ చేసే కిర్రుమనే చప్పుడు తొంభై గజాలు సులువుగా వినిపిస్తుంది.

మొదటి ఫోటో రాగానే తుపాకి పట్టుకోవడం కూడా తొందరపాటే. రెండు మూడు వారాలు వాటిని తిననివ్వండి. ముందు బొంతకాకులు వస్తాయి, వాటి అరుపులు విని నక్కలు వస్తాయి, కయోటీలు ఆఖరున వస్తాయి. వేళ ఏదో కుదురుకున్న తరువాత కూర్చుంటే, గంట మోగడానికి ముందే మీరు అక్కడ ఉంటారు.

బొంతకాకి:

పరికరాల గురించి నేను చెబుతాను. ట్రైల్ కెమెరాలోనూ, మీ గంట సెన్సర్‌లోనూ పనిచేసేది ఒకే సూత్రం. అది కదలికను కాదు, ఉష్ణోగ్రతలో తేడాను పసిగడుతుంది. ముందున్న ప్లాస్టిక్ కటకం ఎదుటి చోటును నిలువు పట్టీలుగా విడగొడుతుంది. పరిసరాలకన్నా వెచ్చగా ఉన్న వస్తువు ఒక పట్టీ నుంచి మరో పట్టీకి దాటినప్పుడే లోపలి పలక స్పందిస్తుంది. కాబట్టి సెన్సర్ ఎదుట అడ్డంగా నడిచే జంతువును అది వెంటనే పట్టుకుంటుంది. తిన్నగా దానివైపే వచ్చే జంతువును చాలా ఆలస్యంగా, ఒక్కోసారి దగ్గరికి వచ్చాక గానీ పట్టుకోదు. చలికాలపు దట్టమైన బొచ్చు ఒంటి వేడిని దాచేస్తుంది కనుక ఎక్కువగా మూతి, కళ్ళు, కాళ్ళు మాత్రమే సెన్సర్‌కు ఆనతాయి.

దీన్నిబట్టి మీ సెన్సర్ ఉన్న చోటే తప్పు. ఎర దగ్గర ఉన్న సెన్సర్ కయోటీ వచ్చేసిందని చెబుతుంది, మీకు కావలసింది వస్తోందన్న కబురు. మంచు మీద జాడ చూసి, అవి చెట్లలో నుంచి బయటికి వచ్చే బాట ఎక్కడో గుర్తించి, ఎరకు అరవై డెబ్భై గజాల ముందే, బాటకు అడ్డంగా చూసేలా దాన్ని పెట్టండి. నేలకు రెండడుగుల ఎత్తున, కిందికి వంచకుండా సమంగా నిలిపి, కటకం కింది సగానికి నల్లని ఇన్సులేషన్ టేపు అంటించండి. కుందేళ్ళు దాదాపుగా ఆ చూపు కిందినుంచే పోతాయి. మా ఇంట్లో టేపు అంటించిన మొదటి రాత్రి ఒక్కసారి కూడా గంట మోగకపోతే పాడైందనుకుని, మూడు గంటలకు బూట్లు తొడుక్కుని వెళ్ళి దాని ముందు చేయి ఆడించి వచ్చాను. ఆ రాత్రి నా చేయి ఒక్కటే దాని లెక్కలోకి వచ్చింది.

కెమెరా విషయానికొస్తే, 850 నానోమీటర్ల పరారుణ దీపం ఉన్నవి ఫోటో తీసేటప్పుడు బొగ్గు నిప్పులా సన్నని ఎరుపు కనిపిస్తుంది. 940 నానోమీటర్లవి దాదాపు కనిపించవు కానీ వెలుగు తక్కువ దూరం పోతుంది. ఎర దగ్గరికి రెండవ రకమే మంచిది. కెమెరాను ఉత్తరానికి తిప్పి పెడితే సూర్యుడు కటకంలోకి పడడు, ఉత్తినే తీసే ఫోటోలు తగ్గుతాయి. ఆల్కలైన్ బ్యాటరీలు ఈ చలికి త్వరగా చతికిలబడతాయి, లిథియం బ్యాటరీలు వాడండి. ఫోనుకు ఫోటో పంపే కెమెరా మంచిదే కానీ, అది నిద్రలేచి, నెట్‌వర్క్ వెతుక్కుని, ఫోటో పంపేసరికి అర నిమిషమో అంతకన్నా ఎక్కువో పడుతుంది. దాన్ని కాపలాదారుగా కాక, వచ్చిపోయినవాటి పద్దు రాసే గుమస్తాగా వాడుకోండి.

మరొక్క మాట. కయోటీలు కెమెరాలను గమనించవనుకోకండి. గుంపులో పెత్తనం చేసే జంట, తిరుగుబోతు కయోటీలకన్నా చాలా తక్కువగా కెమెరాకు చిక్కుతుందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. కెమెరా పెట్టడానికి మనిషి వచ్చి పోవడాన్ని ఆ జంట తన ఇలాకాలో దాగి చూస్తుందట. కాబట్టి ఫోటోలున్న మెమరీ కార్డు తీసుకోవడానికి రోజూ వెళ్ళకండి.

దొడ్డికాపరి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. దిమ్మె ఆలోచన నాకు తట్టనే లేదు. పక్క పొలం ఆయన ముసలి గుర్రాన్ని నిన్న పశువైద్యుడు సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చారు. నేల గడ్డకట్టి పూడ్చడం కష్టంగా ఉందని, కావాలంటే ఎరగా తీసుకోమని అంటున్నారు. మూడు నెలలకు సరిపోతుంది. తీసుకోవచ్చునా?

ఉత్తరగాలి:

వద్దండి, దయచేసి వద్దు. పశువైద్యులు ఆ పనికి సాధారణంగా వాడేది పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు. అది కళేబరంలో నెలల తరబడి విరిగిపోకుండా ఉంటుంది. దాన్ని తిన్న ప్రాణి మత్తులో పడి, చాలాసార్లు చచ్చిపోతుంది. చలికాలంలో ఇలాంటి ఎర మీద మొదట వాలేవి బొంతకాకులూ బాల్డ్ ఈగిల్ గద్దలూ. ఆ గద్దలను 2007లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తొలగించినా, 1940 నాటి ప్రత్యేక చట్టం వాటికి ఇప్పటికీ రక్షణగా ఉంది. మీరు విషం పెట్టలేదన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడకపోవచ్చు. గుర్రాన్ని పూడ్చవలసిన పద్ధతి వ్యవసాయ శాఖవారిని అడగమనండి.

తూటా విషయం కూడా ఇక్కడే చెబుతాను. సీసపు తూటా ఎముకకు తగలగానే పొడిగా చెదిరిపోతుంది. కాల్చిన కయోటీని అక్కడే వదిలేస్తే, దాన్ని తిన్న గద్దకు బియ్యపు గింజంత సీసం చాలు. రాగి తూటాలు వాడండి. కాలిఫోర్నియాలోనైతే 2019 జూలై నుంచి అన్ని రకాల వేటకూ సీసం లేని తూటాలే వాడాలన్న నిబంధన ఉంది. మేన్‌లో అంత నిర్బంధం లేకపోయినా, ఎర పెట్టి గద్దలను పిలుస్తున్నది మనమే కదా.

మంచుదారి:

పై సలహాలన్నీ సరైనవే. కాకపోతే అసలు ప్రశ్నను ఎవరూ అడగలేదు. మీ పిల్లలను చంపిన కయోటీ, ఎర దగ్గరికి వస్తున్న కయోటీ ఒక్కటేనని మీకు ఎలా తెలుసు? గొర్రెల మీద పడేది ఎక్కువగా కూనలున్న జంట. జనవరి నుంచి మార్చి లోపల జతకట్టి, రెండు నెలల తరువాత కూనలను పెట్టి, వాటి నోట్లో తిండి పెట్టవలసిన వేళకే మీ గొర్రెలు ఈనుతాయి. ఫిబ్రవరిలో అర్ధరాత్రి దిమ్మె గీకుతున్నది మాత్రం తన ఇలాకా లేక దేశం పట్టుకు తిరిగే కుర్ర కయోటీ కావచ్చు. పైన చెప్పిన కెమెరా సంగతి దీనితో కలిపి చదువుకోండి. అటువంటి దాన్ని ఐదింటిని చంపినా ఏప్రిల్‌లో మీ మందకు మేలు జరగకపోవచ్చు.

అంతకన్నా నాకు గుచ్చుకున్న విషయం, గొర్రెల కొట్టానికి తొంభై గజాల్లో ఎర పెట్టడం. మాంసం కోసం మీ దొడ్డిదాకా వచ్చే బాటను మీరే వేస్తున్నారు. ఎరను మందకు వీలైనంత దూరంగా, మీ స్థలంలోనే మరో చివరకు మార్చి, అక్కడ చిన్న గుడారం వేసుకోండి. గొర్రెలు ఈనడానికి నెల ముందే ఎరను పూర్తిగా తీసేయండి. దొడ్డి చుట్టూ విద్యుత్ కంచె, మందలో ఒక కాపలా కుక్క ఉంటే, ఈ గంటలన్నిటికన్నా ఎక్కువ పిల్లలు దక్కుతాయని నా అనుభవం. నేను కూడా ఎర మీద వేటాడతాను, వేట మీద కోపంతో అంటున్న మాట కాదిది.

ఇక గుర్తుపట్టడం. గంట మోగితే ఏదో వచ్చిందని మాత్రమే అర్థం. మీ ప్రాంతంలో లింక్స్ అనే పెద్ద అడవిపిల్లులు తిరుగుతాయి. కెనడా లింక్స్ 2000 నుంచి సమాఖ్య రక్షణలో ఉంది. పొరుగువారి పెంపుడు కుక్క కూడా అదే ఎరకు వస్తుంది. తూర్పు కయోటీల రక్తంలో తోడేలు, కుక్క జాతులు కలిసి ఉండటం వల్ల నలభై పౌండ్లదాకా పెరిగి, దూరం నుంచి జర్మన్ షెపర్డ్‌లా కనిపించేవి ఉంటాయి. ఎర్ర దీపం వాడేటట్టయితే ఒక్కసారిగా వెలిగించకుండా, మెల్లగా పెంచే రకం తీసుకోండి. అప్పుడు అది తల ఎత్తి చూసినా పారిపోదు, దాని చెవులూ తోకా చూసి తేల్చుకునే వ్యవధి మీకు దొరుకుతుంది.

నిబంధనల పుస్తకాన్ని ప్రతి ఏడూ చదవండి. మేన్‌లో కయోటీల రాత్రి వేట డిసెంబరు 16 నుంచి ఆగస్టు 31 వరకే సాగుతుంది. ఆదివారం వేట పూర్తిగా నిషేధం కనుక శనివారం అర్ధరాత్రి దాటాక గంట మోగినా దుప్పటి కప్పుకోవలసిందే. ఇతర రాష్ట్రాలలో ఉండి ఇది చదివేవారు ఇదే పద్ధతి తమకూ చెల్లుతుందనుకోవద్దు. అరిజోనాలో 2022 జనవరి 1 నుంచి వేట కోసం ట్రైల్ కెమెరా వాడటమే నిషేధం.

దొడ్డికాపరి:

మంచుదారి గారూ, మీ మాట చదివి రెండు రోజులు ఆలోచించాను. కోపం వచ్చింది, తరువాత ఒప్పుకున్నాను. ఎరను పొలం పడమటి చివరకు, మంద నుంచి దాదాపు ఐదు వందల గజాల దూరానికి మార్చాను. గుర్రాన్ని వద్దన్నాను. కిందటి జింకల వేటలో మిగిలిన ఎముకలతో రెండు దిమ్మెలు చేశాను. సెన్సర్ ఇప్పుడు బాట మీద, టేపుతో ఉంది.

నిన్న రాత్రి గుడారంలో కూర్చున్నాను. రెండుంపావుకు గంట ఒక్కసారి మోగింది. నాలుగు నిమిషాలపాటు ఏమీ కనిపించలేదు, తుపాకి గొట్టం మీద నా ఊపిరే మంచుపొరలా పేరుకుంది. తరువాత మంచు మీద ఒక బూడిద రంగు ఆకారం వచ్చి దిమ్మె దగ్గర నిలిచింది. దీపాన్ని మెల్లగా పెంచాను. చెవుల కొసన నల్లని కుచ్చులు, పొట్టి తోక, మంచు మీద విప్పిన విసనకర్రల్లాంటి పాదాలు. లింక్స్. అది దిమ్మెను రెండుసార్లు వాసన చూసి, నచ్చలేదన్నట్టు తల తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మీరు హెచ్చరించి ఉండకపోతే ఆ బూడిద రంగును చూసి ఏం చేసేవాడినో చెప్పలేను. కంచెకు కావలసిన తీగ, దానికి కరెంటు ఇచ్చే యంత్రం వచ్చే వారం వస్తాయి. నేల గడ్డకట్టి ఉండగా గుంజలు పాతే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బొంతకాకి:

గుంజలకు ఇనుప కడ్డీతో ముందు రంధ్రం చేసుకోండి, లేదా పెద్ద డ్రిల్లుకు పొడవాటి రాతి బిట్ తగిలించండి. ఫైబర్ గుంజలు అందులో సరిగ్గా దిగుతాయి. మంచు పొడిగా ఉన్నంతకాలం జంతువు ఒంటి గుండా నేలలోకి కరెంటు సరిగా పోదు కనుక, ఒక తీగకు కరెంటు, దాని పక్క తీగకు భూమి సంబంధం ఇస్తూ మార్చి మార్చి కట్టండి. అప్పుడు రెండు తీగలను కలిపి తాకిన కయోటీకి మంచు మీద కూడా దెబ్బ తగులుతుంది.