రెండో కుర్చీలో ముప్పై ఏళ్లు: అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం కూడా ఒక కెరీరేనా?

కేరీ నాన్న:
మావాడు ఇక్కడే నార్త్ కరొలైనాలో డిగ్రీ రెండో ఏడు, కంప్యూటర్ సైన్స్. సీటు వచ్చినప్పుడు ఊళ్లో స్వీట్లు పంచాం. ఇప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి స్టూడెంట్ మేనేజర్‌గా చేస్తున్నాడు. మేనేజర్ అంటే ఎవర్నో మేనేజ్ చేస్తాడనుకునేరు. పొద్దున ఆరింటికి జిమ్‌కి పోయి, ఆటగాళ్లు వేసిన బంతి ఏరి మళ్లీ వాళ్ల చేతికే అందిస్తాడు. ఎవరైనా జారిపడితే తువ్వాలు పట్టుకుని పరిగెత్తి నేల మీద చెమట తుడుస్తాడు. జీతం లేదు.

థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి ఒకే ప్లేని, అంటే జట్టు ముందే అనుకుని వేసే ఎత్తుగడని, పదకొండు సార్లు వెనక్కి తిప్పి చూపించాడు. "నాన్నా, ఆ ఐదో వాడి ఎడమ పాదం చూడు" అంటాడు. చూశాను. పాదమే కనిపించింది.

డిగ్రీ అవ్వగానే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతాడట, ఆ తర్వాత అసిస్టెంట్ కోచ్. హెడ్ కోచ్ కాకపోయినా పర్వాలేదట. బాపట్లలో మా అమ్మకి ఫోన్లో చెబితే "కోచింగా? ఎంసెట్‌కా?" అంది.

బిల్ గత్రిడ్జ్ అనే ఆయన 30 ఏళ్లు అసిస్టెంట్‌గానే ఉన్నాడని, ఆయనే తనకి ఆదర్శమని అంటున్నాడు. జీవితమంతా రెండో కుర్చీలో కూర్చోవడం ఆదర్శం ఎలా అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. వాణ్ని తిట్టడానికి కాదు, వాడితో మాట్లాడటానికి నాకు నాలుగు ముక్కలు తెలియాలి.

చాపెల్‌హిల్ పాతకాపు:
మీవాడు మంచి పేరే పట్టుకున్నాడండీ. నేను 1996లో ఇక్కడ ఎమ్మెస్‌కి వచ్చాను. గత్రిడ్జ్ గారు 1967 నుంచీ ఇక్కడి నార్త్ కరొలైనా యూనివర్సిటీ హెడ్ కోచ్ డీన్ స్మిత్ పక్కనే. 1978లో పెన్ స్టేట్ వాళ్లు హెడ్ కోచ్‌గా పిలిస్తే సరేనని, చివరి నిమిషంలో మనసు మార్చుకుని వెనక్కి వచ్చేశారు. 1997 అక్టోబరులో, సీజన్ ముంగిట్లో, 879 విజయాలతో డీన్ స్మిత్ రిటైరయ్యారు. అప్పుడు ఈయనకి హెడ్ కోచ్ కుర్చీ వచ్చింది. వయసు 60.

మొదటి ఏడు 34 గెలుపులు, 4 ఓటములు. ఫైనల్ ఫోర్, అంటే నేషనల్ టోర్నీలో చివరి నాలుగు జట్లలో ఒకటి. ఆ టీమ్‌లో మొదటి వరసలో ఆడదగ్గవాళ్లు ఆరుగురున్నారు, కోర్టులో దిగేది ఐదుగురు. ఎవర్ని కూర్చోబెట్టాలి? ఆయన వంతులు పెట్టారు. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కొక్కరు బెంచి మీద మొదలుపెట్టాలి, అందరూ. బెంచి మీద కూర్చోవడం అంటే ఏమిటో 30 ఏళ్లు తెలిసిన మనిషికే ఆ ఆలోచన వస్తుందని నా నమ్మకం. మూడేళ్లలో 80 గెలుపులు, 28 ఓటములు, రెండు ఫైనల్ ఫోర్లు. ఇక చాలని 2000లో తనే దిగిపోయారు.

లెక్కల మాస్టారు, ఫ్రిస్కో:
పాతకాపు గారూ, ఆ ఆరుగురిలో తర్వాత ఎన్‌బీఏ స్టార్లయిన విన్స్ కార్టర్, ఆంటాన్ జేమిసన్ ఉన్నారని కూడా చెప్పాలి కదా. వాళ్లిద్దరుంటే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా 20 మ్యాచ్‌లు గెలిపిస్తాడు.

కేరీ నాన్న గారూ, మీవాడు చెప్పేది గెలిచినవాడి కథ. ఒక్క హీరో హిట్టు కొట్టాడని కృష్ణానగర్‌కి బస్సెక్కేవాళ్లు ఎంతమందో మనకి తెలుసు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మగవాళ్ల జట్లే 350 పైన. చాలా ఏళ్లు జట్టుకి ముగ్గురు అసిస్టెంట్లు. 2023 నుంచి ఐదుగురి దాకా పెట్టుకోవచ్చు. అంటే వెయ్యి మందికి పైగా క్యూలో ఉంటారు. ముందున్న కౌంటర్‌లో ఏటా ఖాళీ అయ్యేవి కొన్ని పదుల హెడ్ కోచ్ కుర్చీలు.

ఇంకో సంగతి. ఈ ఉద్యోగానికి కళాశాలల సంఘం ఎన్‌సీఏఏ ఇచ్చిన విలువ ఎంతో చూడండి. 1992 నుంచి జట్టుకి ఒక అసిస్టెంట్‌ని "పరిమిత వేతన కోచ్" అని విడగొట్టి, ఏడాదికి 16,000 డాలర్లకి మించి ఇవ్వకూడదని రూలు పెట్టారు. ఏడాదికండీ! ఖర్చు తగ్గించడానికట. తగ్గించింది హెడ్ కోచ్ జీతం కాదు. ఆ అసిస్టెంట్లు కోర్టుకెక్కారు, గెలిచారు, చివరికి 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. కోర్టు చెప్పేదాకా రెండో కుర్చీవాడి జీతం ఎవరికీ పట్టలేదు.

చాపెల్‌హిల్ పాతకాపు:
అది నిజమే, కాదనను. కానీ తక్కువ జీతానికి చేరడం మీరన్న రూలుతో మొదలవలేదు. గత్రిడ్జ్ ఉన్న ఆఫీసులోనే 1978లో రాయ్ విలియమ్స్ చేరాడు, హైస్కూల్లో టీచరు ఉద్యోగం మానుకుని. మొదటి ఏడు జీతం 2,700 డాలర్లు. ఇల్లు గడవక టీమ్ బొమ్మలున్న క్యాలెండర్లు అమ్మాడు. వారాంతాల్లో డీన్ స్మిత్ టీవీ షో టేపులు కార్లో వేసుకుని వందల మైళ్లు తిరిగి స్టేషన్లకి అందించాడు. పదేళ్ల తర్వాత కాన్సస్ యూనివర్సిటీ అతన్ని నేరుగా హెడ్ కోచ్‌ని చేసింది. 2003లో హెడ్ కోచ్‌గా తిరిగి ఇక్కడికొచ్చి మూడు జాతీయ టైటిళ్లు కొట్టాడు.

ఒకే ఆఫీసు, ఒకే గురువు. ఒకరు పదేళ్లకి వెళ్లారు, ఒకరు 30 ఏళ్లు ఉన్నారు. ఇద్దర్లో ఎవరు నష్టపోయారో చెప్పండి చూద్దాం.

లెక్కల మాస్టారు, ఫ్రిస్కో:
టేపులు మోసి హెడ్ కోచ్ అయినవాడి పేరు మీకు తెలుసు. టేపులు మోసి మోసి నడుం పట్టేసినవాడి పేరు చెప్పండి.

సౌత్ విండ్సర్ పిన్ని:
మీ ఇద్దరి గొడవలో ఒక్క ఆడమనిషి పేరైనా వస్తుందేమోనని చూస్తున్నా. మేం కనెక్టికట్ వాళ్లం, యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) అమ్మాయిల జట్టు మాకు ఇంటి మనుషుల్లాంటిది. క్రిస్ డైలీ 1985 నుంచి హెడ్ కోచ్ జీనో ఆరియెమ్మా పక్కన రెండో కుర్చీలో ఉంది. ఇద్దరూ ఒకే ఏడు వచ్చారు. 12 జాతీయ టైటిళ్లు. 2021లో ఆయనకి కోవిడ్ వస్తే నేషనల్ టోర్నీ మొదటి రెండు మ్యాచ్‌లూ ఈవిడే నడిపించింది, రెండూ గెలిచింది. ఆయన రాగానే మళ్లీ తన కుర్చీలోకి వెళ్లిపోయింది. 2018లో మహిళా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా తీసుకున్నారు.

"ఉండిపోవడం" అంటారేంటండీ అందరూ? ఇరుక్కుపోయినట్టు! మా అన్నయ్య గుంటూరులో ఒకే స్కూల్లో 34 ఏళ్లు లెక్కలు చెప్పాడు, హెడ్మాస్టర్ పోస్టు రెండుసార్లు వద్దన్నాడు. ఆయన్ని ఎవరూ ఫెయిలయ్యాడనలేదు. పెద్ద కుర్చీ అంటే దాతలతో భోజనాలు, ప్రెస్ మీట్లు, ప్రెసిడెంట్‌తో మీటింగులు. కొంతమందికి పిల్లలకి నేర్పడమే ఇష్టం.

లెక్కల మాస్టారు, ఫ్రిస్కో:
పిన్నిగారూ, మీ అన్నయ్యగారికి నా నమస్కారం. కానీ హెడ్మాస్టర్ బదిలీ అయితే మీ అన్నయ్యగారి ఉద్యోగం పోయిందా? ఇక్కడ పోతుంది. తేడా అదే. డైలీ గారి బాస్ 40 ఏళ్లుగా గెలుస్తూనే ఉన్నాడు కాబట్టి ఆవిడ ఉన్నారు.

పాత వీడియో కుర్రాడు:
సాధారణంగా ఇక్కడ చదివి వెళ్లిపోతుంటాను. ఈసారి రాయక తప్పట్లేదు, మాస్టారు గారు అన్నది నాకు జరిగింది. యూనివర్సిటీ పేరు అడగొద్దు.

రెండేళ్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేశాను. ఫీజు మాఫీ, పైన కాస్త స్టైపెండ్. పని ఏమిటంటే వీడియో. ప్రత్యర్థి జట్లని అసిస్టెంట్ కోచ్‌లు ముగ్గురూ పంచుకుంటారు. ఎవరి వాటాకి వచ్చిన జట్టు "స్కౌట్" వాళ్లది. ఆ జట్టు ఆడిన చివరి ఐదారు మ్యాచ్‌లు నేను ముక్కలు కోసి ఇవ్వాలి: టైమౌట్ తర్వాత ఏ ప్లే వేస్తారు, ఫలానా గార్డ్ ఎడమ వైపు ఎన్నిసార్లు పోతాడు, ఒత్తిడిలో బంతి ఎవరి చేతికిస్తారు. నేను పనిచేసిన అసిస్టెంట్‌కి ఆ ప్లేల పేర్లన్నీ నోటికి వచ్చేవి. మ్యాచ్‌లో అవతలి బెంచి నుంచి ఏదో కోడ్ అరిచేవారు. వాళ్ల ఆటగాళ్లు కదిలేలోపే మా ఆయన లేచి నిలబడి ఆ ప్లే ఎక్కడికి పోతుందో మావాళ్లకి అరిచి చెప్పేవాడు. మా ఐదుగురూ ముందే అక్కడికి చేరి కూర్చునేవారు. అవతల ఆట నడిపించే పాయింట్ గార్డ్ బంతి పట్టుకుని దిక్కులు చూసేవాడు. టీవీ కెమెరా ఆ టైంలో హెడ్ కోచ్ మొహం మీద ఉండేది.

రెండో ఏడు మార్చిలో హెడ్ కోచ్‌ని తీసేశారు. మాకు చెప్పింది ఎవరూ లేరు, ఫోన్‌లో వార్త చూశాం. మర్నాడు జిమ్ తలుపు దగ్గర నా కార్డు పనిచెయ్యలేదు. హెడ్ కోచ్‌కి ఒప్పందం ప్రకారం మిగిలిన ఏళ్ల డబ్బు ముట్టింది. మా అసిస్టెంట్‌కి జూన్ ఆఖరు వరకు జీతం. ఇద్దరు పిల్లలు, ఆరేళ్లలో మూడో ఊరు. పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని తెలిసిన కోచ్‌లందరికీ వరసగా ఫోన్లు చెయ్యడం చూశాను. ఏసీ కోసం ఇంజన్ ఆపలేదు.

నేనిప్పుడు డేటా ఇంజినీర్‌ని. టెన్షన్ ఉంటుంది, కానీ మా మేనేజర్‌ని తీసేస్తే నన్ను తియ్యరు. అయినా మార్చి వస్తే టీవీ ముందు కూర్చుని ప్లేలు అరుస్తాను. మా ఆవిడ గది తలుపేసుకుంటుంది.

కేరీ నాన్న:
తమ్ముడూ, కార్డు పనిచెయ్యకపోవడం చదివి కడుపులో దేవినట్టైంది. ఇది మావాడికి చదివించనా?

పాత వీడియో కుర్రాడు:
చదివించండన్నా. ప్లే అరిచిన భాగం కూడా చదివించండి. అది వదిలేస్తే అబద్ధమవుతుంది.

సూటి మాట:
అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదు. 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ నలుగురు అసిస్టెంట్ కోచ్‌లని అరెస్టు చేసింది. ఆబర్న్, ఓక్లహోమా స్టేట్, అరిజోనా, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా) యూనివర్సిటీల వాళ్లు. నలుగురూ తర్వాత నేరం ఒప్పుకున్నారు, ఇద్దరు జైలుకెళ్లారు. ఆ కేసులో ఒక్క హెడ్ కోచ్ మీదా క్రిమినల్ అభియోగం పడలేదు. ఆటగాళ్లని తెచ్చే పని అసిస్టెంట్‌ది, ఫోన్ అసిస్టెంట్‌ది, కాబట్టి సంకెళ్లూ అసిస్టెంట్‌వే. ఇప్పుడేమో ఆటగాళ్లకి డబ్బివ్వడం చట్టబద్ధం. అప్పుడు జైలు, ఇప్పుడు బడ్జెట్!

చాపెల్‌హిల్ పాతకాపు:
ఇది సరికాదు. వాళ్ల మీద కేసు ఆటగాళ్లకి డబ్బిచ్చినందుకు కాదు, ఆటగాళ్లని ఫలానా ఏజెంట్లు, ఫైనాన్స్ సలహాదారుల దగ్గరికి తోలుతామని తాము లంచం పుచ్చుకున్నందుకు. అది ఈ రోజు చేసినా నేరమే. పేరు, ముఖం వాడుకున్నందుకు ఆటగాళ్లు సంపాదించుకోవచ్చని 2021 జులైలో ఒప్పుకున్నారు. యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చన్నది 2025లో కోర్టు ఆమోదించిన రాజీతో వచ్చింది, మొదటి ఏడు ఒక్కో యూనివర్సిటీకి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

కానీ ఫోన్ అసిస్టెంట్‌ది అన్నారు చూడండి, అక్కడ మీతో ఏకీభవిస్తాను. ఎక్కువ ప్రలోభం తక్కువ రక్షణ ఉన్నవాడి దగ్గరికే వస్తుంది.

చాండ్లర్ చిన్నోడు:
అరిజోనా పేరు ఎత్తారు కాబట్టి మాట్లాడే హక్కు నాకుంది. టామీ లాయిడ్ గొంజాగా యూనివర్సిటీలో హెడ్ కోచ్ మార్క్ ఫ్యూ దగ్గర 20 ఏళ్లు అసిస్టెంట్. యూరప్, జపాన్ కుర్రాళ్లని వెతికి తెచ్చింది ఆయనే. సబోనిస్, రుయి హచిమురా అందరూ ఆ దారినే వచ్చారు. ఫ్యూ దిగిపోతే కుర్చీ నీదేనని మాట కూడా ఉంది. ఫ్యూ దిగలేదు! 2021లో 46 ఏళ్ల వయసులో మా దగ్గరికి హెడ్ కోచ్‌గా వచ్చాడు. మొదటి సీజన్ 33 గెలుపులు, 4 ఓటములు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే కోచ్ ఆఫ్ ద ఇయర్. రెండో కుర్చీలో 20 ఏళ్లు దండగ అయితే ఇదెలా?

లెక్కల మాస్టారు, ఫ్రిస్కో:
మళ్లీ గెలిచినవాడే! సరే, నా మాట కొంచెం మార్చుకుంటా. గత్రిడ్జ్, డైలీ, లాయిడ్, ముగ్గురిలో కామన్ ఏమిటి? ముగ్గురి బాసులూ దశాబ్దాల పాటు కదల్లేదు. కాబట్టి కుర్రాడు ఎంచుకోవాల్సింది ఉద్యోగం కాదు, బాస్‌ని. 22 ఏళ్లవాడికి ఆ ఎంపిక చేతిలో ఉంటుందా అన్నదే నా అనుమానం.

సౌత్ విండ్సర్ పిన్ని:
ఇంత తిప్పి ఇక్కడికొచ్చారా! పెళ్లి సంబంధాలకి మేం చెప్పేది అదే.

పాత వీడియో కుర్రాడు:
మాస్టారు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా పాత బాస్ మీద నాకు కోపం లేదు, ఆయనకి ఓడిపోయే టీమ్ దొరికింది, అంతే. కేరీ అన్నా, మీవాణ్ని ఒకటి అడగమనండి: ఇప్పుడున్న టీమ్‌లో అసిస్టెంట్ కోచ్‌లు ఎన్నేళ్లుగా ఉన్నారు, వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారు? అది వాడికి రెండు రోజుల్లో తెలుస్తుంది. డిగ్రీ మాత్రం వదలనివ్వకండి, నా ఇంటి ఈఎంఐ ఆ కంప్యూటర్ సైన్సే కడుతోంది.

కేరీ నాన్న:
అడిగాను. నిన్న రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం, ఇద్దర్లో ఎవరూ అరవలేదు, ఈ మధ్య అది అరుదు. మొదటి అసిస్టెంట్ తొమ్మిదేళ్లుగా ఉన్నాడట, మిగతా ఇద్దరూ కొత్తవాళ్లట. వెళ్లినవాళ్లలో ఒకతను హెడ్ కోచ్, ఇద్దరు హైస్కూల్ టీమ్‌లకి, ఒకతను ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడట. ఇన్సూరెన్స్ సంగతి తనే చెప్పాడు, నేను తవ్వలేదు. డిగ్రీ పూర్తి చేస్తానని మాటిచ్చాడు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ సంగతి నేనింకా ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు.

వచ్చే మ్యాచ్ స్కౌట్‌లో ఒక పేజీ రాయమని వీడికిచ్చారట. గొంతులో సంతోషం చూడాలి.

లెక్కల మాస్టారు, ఫ్రిస్కో:
పేజీకి ఎంతిస్తారట?

కేరీ నాన్న:
పిజ్జా.