తమ్ముడు సెలవులకు పోయిన ఊరు వాని బిడ్డకు ఎట్ల చూపియ్యాలె?

రామప్ప దిక్కు ఆడిబిడ్డ:

మా తమ్ముడు పోయి మూడేండ్లాయె. వాని బిడ్డకు ఎనిమిదేండ్లు. ఈ ఎండాకాలం నా దగ్గరికి వస్తున్నది. మొన్న ఫోన్ల "అత్తా, డాడీ నా అంత ఉన్నప్పుడు సెలవులల్ల ఏం చేసేటోడు?" అని అడిగింది. ఫోన్ పెట్టేసినంక చాలాసేపు అట్లనే కూసున్న.

సెలవులల్ల అమ్మమ్మ ఊరికి పోను హన్మకొండల ములుగు బస్సెక్కితే వాడు కిటికీ ఇడిచేటోడు కాదు. అమ్మమ్మ ఆ రోజులల్ల తునికాకుకు, అదే బీడీలు చుట్టే ఆకు తెంపను పోయేది. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేసరికి నెత్తిమీద మూటతోటి వచ్చేది. వాడు ఎదురుంగ ఉరికేటోడు. ఆమె కొంగుల వాని కోసం తునికి పండ్లు ఉండేవి. యాపచెట్టు కింద ఇద్దరు కూసొని కట్టలు కట్టేటోళ్లు. కట్టకు 50 ఆకులు. అమ్మమ్మ ఐదైదు తీసి పేర్చేది, వాడు గట్టిగ లెక్కవెట్టేటోడు. వానికి లెక్కలు బడిల రాలే, ఆ ఆకుల మీదనే వచ్చినయి. 49 కాడ ఆగి, ఆఖరాకు అమ్మమ్మ చేతుల పెట్టి "నువ్వను" అనేటోడు. ఆమె "యాభై" అని, నార పంటితోటి పట్టి ముడేసేది. దినాం గిదే. దినాం ఇద్దరు నవ్వుకునేటోళ్లు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఇల్లు కూలింది. బిడ్డను ఏడికి తీస్కపోవాలె? ఇంకోటి, అమ్మమ్మ సర్వపిండికి బొక్కలు వాడే పెట్టేటోడు. నేను చేస్తే గంజుకు అంటుకుంటున్నది.

నర్సంపేట పిన్ని:

గంజు చల్లారకముందే రెండోది ఒత్తుతున్నవేమో బిడ్డా. ఒకటి తీయంగనే అడుగు మీద నీళ్లు పోసి చల్లార్చు, తుడిచి నూనె రాయి. నువ్వులు, నానవెట్టిన శనగపప్పు, ఉల్లాకు ఏసి పిండి కొంచెం గట్టిగ కలుపు. పల్చగ ఒత్తు. బొక్కలు పిల్లతోనే పెట్టియ్యి, ఒక్కో బొక్కల చుక్క నూనె కూడ ఆమెనే పొయ్యనియ్యి. మంట సన్నగ.

పరకాల అన్న:

రామప్ప గుడికి పొద్దుగాలనే పోండ్రి, ఎండెక్కితే బండలు కాలుతయి. 1213ల కట్టిన్రని, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిందని గైడ్ చెప్తడు. నువ్వు నంది కాడికి తీస్కపో. ఏ దిక్కున నిలవడ్డా మన దిక్కే చూసినట్టుంటది. మీ తమ్ముడు దాని చుట్టు తిరగకుంట ఉండడు, మేమందరం తిరిగినోళ్లమే.

ఏటూరునాగారం చెల్లె:

అక్కా, గుడి ఎప్పుడన్న ఉంటది. ఆకు ఉండది. ముదిరితే ఎవ్వలు కొనరు, వాన పడితే ఆకు కొని ఎండేసే కల్లం లేచిపోతది. మే మొదట్లనే పిలిపించుకో. కల్లంల కట్టలు వరుసకు ఎండేసి ఉంటయి, ఆ వాసనొక్కటి చాలు. మా అవ్వ చీరెలకు ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు.

రామప్ప దిక్కు ఆడిబిడ్డ:

చెల్లె, నువ్వన్నట్టే చేస్త. అమ్మమ్మ ఇంటి పక్కామెకు ఫోన్ చేసిన. ఆమె ఇంకా ఆకుకు పోతనే ఉన్నదట, ఒక మూట కట్టకుంట ఉంచుతనన్నది. యాపచెట్టు ఉన్నదట. బిడ్డను ఆడనే కూసోవెడ్త. 49 సంగతి మాత్రం ముందుగాల చెప్ప.