ఈఆర్‌పీ సర్వర్‌కి 64 కోర్లు అవసరమా?

ప్రశ్న: మా ఈఆర్‌పీ (బిల్లులు, స్టాకు, ఖాతాలు అన్నీ చూసే కంపెనీ సాఫ్ట్‌వేర్), దాని డేటాబేస్ రెండూ ఒకే పాత సర్వర్ మీద నడుస్తున్నాయి. వాడేవాళ్లు 80 మంది. నెలాఖరు రిపోర్టులు తీస్తుంటే ఇన్‌వాయిస్ సేవ్ అవడమే గగనం. వెండర్ 64 కోర్ల ప్రాసెసర్ కొనమంటున్నాడు. అంత కావాలా?

జవాబు: ముందు నెలాఖరున పాత సర్వర్‌ని గమనించండి. సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్ క్యూ (డిస్క్ దగ్గర వరుసలో ఆగిన పనులు) పెరుగుతుంటే ఎన్ని కోర్లు కొన్నా దండగే. పైగా ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లకి కోర్ లెక్కన లైసెన్స్ తీసుకుంటే ఊరికే కూర్చున్న కోర్లకూ డబ్బు కట్టాలి (వెండర్ ఈ మాట చెప్పడు లెండి). నేనైతే 16 కోర్లు, క్లాక్ స్పీడ్ ఎక్కువున్నది తీసుకుని మిగిలింది డిస్కుల మీద పెడతాను. కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతుల్లో, డేటాబేస్‌కి రెయిడ్ 5 వద్దు. అందులో చిన్న రైట్ ఒక్కటి చేయాలన్నా పాత డేటా, పాత ప్యారిటీ (డిస్క్ పోతే డేటాని తిరిగి లెక్కగట్టే సమాచారం) చదివి, రెండూ కొత్తవి రాయాలి. అంటే 4 పనులు. రెయిడ్ 10లో అదే డేటాని రెండు డిస్కుల్లో రాస్తుంది, రెండు రాతలతో సరి. ఎస్‌ఎస్‌డీలు కూడా కరెంటు పోయినా రాత పోకుండా కెపాసిటర్లు ఉన్న ఎంటర్‌ప్రైజ్ రకమే చూడండి.

ప్రశ్న అడిగినవారు: ర్యామ్ ప్రస్తుతానికి 64 జీబీవి రెండు పెట్టి తర్వాత పెంచుకోవచ్చా?

ఇంకొకరు: వద్దండీ. ప్రాసెసర్‌కి 8 మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కి వెళ్లే దారులు) ఉంటే 16 జీబీవి 8 పెట్టండి. మొత్తం అంతే, కానీ రెండే పెడితే బ్యాండ్‌విడ్త్ (ర్యామ్‌తో డేటా నడిచే వేగం) నాలుగో వంతుకి పడిపోతుంది. ఈసీసీ (మెమరీలో తప్పుల్ని సరిదిద్దే రకం ర్యామ్) మాత్రం తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: పాత సర్వర్‌ని చూశాను, అడ్డంకి డిస్కే. కొటేషన్ మార్చి పంపమన్నాను.