ఆకలి తగ్గించే మందులు రెండు కలిపి వాడొచ్చా? ఎవరైనా సూటిగా చెప్పండి

విసుగెత్తినవాడు: పొద్దుట్నుంచీ చదువుతూనే ఉన్నా, బుర్ర వేడెక్కిపోయింది. ఫెంటెర్మిన్‌తో ఇంకోటి కలిపితే బరువు దిగుతుందని ఒకరు, గుండెకి ముప్పని ఇంకొకరు. నేను వేసుకునేదానికి తోడుగా ఫెంటెర్మిన్ మొదలెట్టొచ్చా, లేదా? అంతే ప్రశ్న.

చిన్నమాట: వేసుకునేదేంటి?

పాతకాపు: ఈ కలిపే పిచ్చి కొత్తదేం కాదు. 1990లలో అమెరికాలో ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటెర్మిన్ కలిపి ‘ఫెన్-ఫెన్’ అని లక్షలమంది మింగారు. విడివిడిగా రెండిటికీ ఎఫ్‌డీఏ (అక్కడి మందుల నియంత్రణ సంస్థ) అనుమతి ఉంది, జంటకి మాత్రం ఎప్పుడూ లేదు! 1992లో వచ్చిన ఓ చిన్న అధ్యయనం చూసి ఎగబడ్డారు. 1997లో గుండె కవాటాలు చెడిన 24 మంది ఆడవాళ్ల కేసులు బయటపడ్డాయి. ఆ సెప్టెంబరులోనే ఫెన్‌ఫ్లూరమిన్‌ని మార్కెట్ నుంచి తీసేశారు. ఫెంటెర్మిన్ ఇప్పటికీ ఉంది. అందరూ దాన్నే తిడతారు పాపం.

చదువరి: అది పాత కథ సార్. 2012లో ఫెంటెర్మిన్-టోపిరమేట్, 2014లో నాల్ట్రెక్సోన్-బుప్రోపియాన్ జంటలకి అనుమతి వచ్చింది. బరువు తగ్గడానికి వాడే టిర్జెపటైడ్ కూడా కాంబినేషనేగా.

పాతకాపు: కాదండీ. అది ఒకటే అణువు. జీఐపీ, జీఎల్‌పీ-1 అనే రెండు పేగు హార్మోన్ల గ్రాహకాల మీదా పనిచేస్తుంది.

చదువరి: మింగేవాడికి ఆ తేడా ఎందుకు?

పాతకాపు: అది మింగేది కాదు, ఇంజెక్షన్. ముందు అది తెలుసుకోండి.

విసుగెత్తినవాడు: నా ప్రశ్న ఎటుపోయింది? నాది నాల్ట్రెక్సోన్-బుప్రోపియాన్. మిగతావి బీపీకి, నడుంనొప్పికి మామూలు మాత్రలే, అందుకే రాయలేదు.

చిన్నమాట: నొప్పి మాత్ర పేరు?

విసుగెత్తినవాడు: ట్రమడాల్. నొప్పి ఎక్కువైనప్పుడే.

చిన్నమాట: ఫెంటెర్మిన్ సంగతి పక్కనపెట్టి ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ట్రమడాల్ ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా నొప్పి మందు, నాల్ట్రెక్సోన్ దాన్ని అడ్డుకుంటుంది, ఆ రెండూ కలవకూడదు. పైగా ట్రమడాల్, బుప్రోపియాన్ రెండూ ఫిట్స్ ప్రమాదం పెంచేవే. ఇక ఫెంటెర్మిన్, బుప్రోపియాన్ రెండూ బీపీని, గుండె వేగాన్ని పెంచగలవు. మీకు బీపీ ఉండనే ఉంది. వాళ్లతో మాట్లాడేదాకా కొత్తగా ఏదీ కలపొద్దు.

పాతకాపు: అన్నట్టు ఫెన్‌ఫ్లూరమిన్ 2020లో మళ్లీ వచ్చింది, డ్రావే సిండ్రోమ్ అనే మూర్ఛవ్యాధికి. చిన్న మోతాదులో, గుండెకి ఎకో పరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

విసుగెత్తినవాడు: ట్రమడాల్ ఒక డాక్టర్, ఇది ఇంకో డాక్టర్ రాశారు. సరే, చేస్తా. థాంక్స్.

చదువరి: ఇంజెక్షనైనా రెండు పనులు చేస్తుందిగా, కాంబినేషన్ అంటే తప్పేంటి?