అమ్మ పెరటి కనకాంబరాలు వాడిపోతున్నాయి, ఎలా కాపాడుకోవాలి?

అమ్మ పెరట్లోని కనకాంబరం గింజలు (తడి తగిలితే టప్పున చిట్లే కాయలు, చిన్నప్పుడు అదే మా ఆట) తెచ్చి హైదరాబాద్‌లో బాల్కనీలో 12 అంగుళాల కుండీల్లో వేశాను. రోజుకు 4 గంటలు ఎండ తగులుతుంది. ఆరో నెలలో పూలు కూడా పూశాయి.

మూడు వారాలుగా కింది ఆకులు పసుపెక్కుతున్నాయి. మట్టి తడిగానే ఉన్నా మధ్యాహ్నానికి మొక్క వాలిపోతోంది. నీళ్లు తగ్గించాను, వారానికోసారి వేపనూనె చల్లాను, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపాను. ఏం తేడా లేదు. నిన్న చచ్చిపోయిన మొక్కను పీకి చూస్తే వేళ్ల నిండా ఆవగింజంత బుడిపెలు! నులిపురుగులేమో (మట్టిలో ఉండి వేళ్లను పట్టే, కంటికి కనిపించనంత సన్నటి పురుగులు) అని నా అనుమానం.

ఇక రెండు మొక్కలే మిగిలాయి. గింజలు లేవు, ఆ పెరడూ ఇప్పుడు లేదు.

వీటి కొమ్మలు కత్తిరించి కొత్త మట్టిలో నాటితే, ఈ బుడిపెల జబ్బు వెంట రాకుండా బతుకుతాయా?