మెలికల కత్తికి వయసు కట్టడం ఎలా? (ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవి కత్తి, క్రిస్)

ప్రశ్న: నమస్కారమండీ. మేముండేది ఒహాయోలో. మా వీధిలో ఒక పెద్దాయన పోతే పిల్లలు ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. అక్కడ పాములా మెలికలు తిరిగిన కత్తి ఒకటి కొన్నాను. పిడి కొస చిలకముక్కులా ఉంది. ఒరకు కట్టిన చీటీ మీద ‘మిండనావో, 1904’ అని రాసుంది. రెండొందల ఏళ్లదని చెప్పి అమ్మారు. నమ్మొచ్చా? నిండా తుప్పు పట్టింది. మా బావమరిది గ్రైండర్ పట్టిద్దామంటున్నాడు.

జవాబు 1: ముందు ఆ గ్రైండర్ దాచేయండి! మీది మోరోల (మిండనావో వైపు ముస్లిం ప్రజల) కత్తిలా ఉంది. పాత మోరో కత్తుల్లో చాలావాటిని పొరలు పొరలుగా ఇనుము, ఉక్కు అతికించి కొట్టారు. గ్రైండర్ పెడితే ఆ పొరల చార పోతుంది, ధరా పోతుంది. నూనె రాసి రెండ్రోజులు నాననిచ్చి, సన్నటి స్టీల్ పీచుతో మెల్లగా రుద్దండి. ఎండలో మాత్రం పెట్టకండి. పిడి లోపల పట్టు మన గుగ్గిలం లాంటి బంకదే, వేడికి వదులైపోతుంది.

జవాబు 2: చీటీ మంచి ఆధారమే, కానీ చేసిన ఏడాది కాదది. అప్పట్లో అమెరికా సైన్యం అక్కడ మోరోలతో పోరాడుతోంది. సైనికులు ఇలాంటివి గుర్తుగా ఇంటికి తెచ్చుకునేవారు. చీటీ ఆ కత్తిదే అయితే, కత్తి 1904 కంటే కొత్తది కాదు, అంతే.

మెలికలు లెక్కపెట్టి వయసు చెప్పేవాళ్లుంటారు, నేను నమ్మను. పిడి దగ్గర అలుగు (కత్తి బ్లేడు) వెడల్పయ్యే చోట చూడండి. ఆ అడ్డ ముక్కని గాంగ్యా అంటారు. పాతవాటిలో అది విడిగా చేసి బిగించిన ముక్క, అతుకు గీత కనిపిస్తుంది. గీత ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోతే సాధారణంగా 18వ శతాబ్దం, అంతకు ముందుది అంటారు. ఒక చివర ఏటవాలుగా వంగితే 19వ శతాబ్దం వైపు మొగ్గుతారు. 1930ల తర్వాతవాటిలో అతుకే ఉండదు, పైపైన గీసిన గీత ఉంటుంది. భూతద్దంతో చూస్తే తేడా దొరికిపోతుంది.

అలుగును పిడికి పట్టి ఉంచే లోహపు పట్టీలు, ఆసంగ్-ఆసంగ్, చూశారా? వెండి, రాగి, ఇత్తడి ఉంటాయి. అల్యూమినియం అయితే 20వ శతాబ్దపు పని.

ప్రశ్న అడిగినవారు: భూతద్దంతో చూశానండీ. అతుకు నిజందే, ఒక చివర వంగింది. పట్టీ నల్లబడిన వెండిలా ఉంది. ఒర మాత్రం కొత్త చెక్కలా ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 2: టెన్షన్ ఎందుకండీ! ఒర పాడైతే మార్చుకునేవారు, పిడి కూడా అంతే. దేని వయసు దానిదే. మీ అలుగు 19వ శతాబ్దానిది కావచ్చు. కచ్చితంగా రెండొందల ఏళ్లదనడానికి మాత్రం ఆధారం లేదు, అది అమ్మకం కబురు.

జవాబు 3: దాన్ని హైదరాబాద్ తెచ్చి హాల్లో తగిలిద్దామనుకుంటే ఆగండి. మన 1959 ఆయుధాల చట్టం కింద కత్తి కూడా ఆయుధమే, లైసెన్స్ లేకుండా దేశంలోకి తేకూడదు. ఆ చిలకముక్కు చెక్కదో ఏనుగు దంతమో కూడా చూసుకోండి, దంతమైతే సరిహద్దు దాటించడం ఇంకా తలనొప్పి.