ఒంటారియోలో ఈసీఈ చదవాలా, ఈఏ చదవాలా? మన బీఈడీ ఎంతవరకు పనికొస్తుంది?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మేం ఉండేది కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో, పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. నాకు బీఎస్సీ, బీఈడీ ఉన్నాయి. గుంటూరులో నాలుగేళ్లు ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పాను. ఇక్కడ చిన్నపిల్లలతో పనిచేయాలని ఉంది. కాలేజీల సైట్లు చూస్తే ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ (ఈసీఈ) డిప్లొమా ఒకటి, ఎడ్యుకేషనల్ అసిస్టెంట్ (ఈఏ) పనికి పంపే కోర్సులు కొన్ని కనిపిస్తున్నాయి. రెంటికీ అసలు తేడా ఏమిటి? బీఈడీ చూపించి నేరుగా రిజిస్టర్ కావచ్చా? ప్లేస్‌మెంట్‌లో (చదువులో భాగంగా డే కేర్ సెంటర్లలో చేసే పని శిక్షణ) చాలామంది తడబడతారని విన్నాను, ఎక్కడ? వచ్చే సెప్టెంబరులో చేరాలని అనుకుంటున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

వేపచెట్టు:

ఫీజు కట్టేముందే అడిగారు, మంచి పని చేశారండీ. ఈ రెండూ ఒక దారిలో ముందూ వెనకా మెట్లు కావు, వేర్వేరు దారులు.

ఈసీఈ ఇక్కడ చట్టం ఉన్న వృత్తి. 2007 నాటి చట్టం కింద కాలేజ్ ఆఫ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్స్ అనే సంస్థ పనిచేస్తుంది. పేరులో కాలేజీ అని ఉన్నా అక్కడ పాఠాలు చెప్పరు. అర్హత చూసి సభ్యత్వం ఇవ్వడం, ఫిర్యాదు వస్తే విచారించడం దాని పని. ఆ సభ్యత్వం లేకుండా పేరు పక్కన ఈసీఈ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్) అనో ఆర్‌ఈసీఈ (రిజిస్టర్డ్ ఈసీఈ) అనో రాసుకోకూడదు. డిప్లొమా చేతికొచ్చినా సభ్యత్వం వచ్చేదాకా రెజ్యూమెలో ఆ అక్షరాలు పెట్టకండి. సెనెకా, జార్జ్ బ్రౌన్, షెరిడాన్ లాంటి పబ్లిక్ కాలేజీల్లో ఇది రెండేళ్ల డిప్లొమా, నాలుగు సెమిస్టర్లు. ఏ కాలేజీ అయినా సరే, వాళ్ల ప్రోగ్రాం ఆ సంస్థ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. ఏజెంటు మాట నమ్మొద్దు.

బీఈడీ సంగతి. బయటి దేశాల చదువును విడిగా మదింపు చేసే పద్ధతి ఉంది. కానీ వాళ్లు చూసేది డిగ్రీ స్థాయి కాదు, అందులో ఏం చదివారన్నది. పుట్టినప్పటి నుంచి బడి ఈడు దాకా పిల్లల ఎదుగుదల, ఆ వయసుకు తగిన పాఠ్యప్రణాళిక, ఆ వయసు పిల్లలతో చేసిన ప్రాక్టికల్ ఉన్నాయా అని చూస్తారు. మన బీఈడీ హైస్కూలు టీచర్లను తయారుచేసే చదువు. టీచింగ్ ప్రాక్టీసు కూడా పెద్ద తరగతుల్లోనే ఉంటుంది. అందుకే మీ విషయంలో నేరుగా రిజిస్టర్ అవుతారని ఆశ పెట్టుకోవద్దంటాను. అదే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీపీఎస్ఈ (ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ డిప్లొమా) చేసినవాళ్లయితే సిలబస్ కాపీతో సహా మదింపుకి పెట్టి చూడటంలో అర్థం ఉంది.

అలాగని బీఈడీ వృథా పోదు. కాలేజీలో చేరాక క్రెడిట్ ట్రాన్స్‌ఫర్‌కి దరఖాస్తు పెడితే జనరల్ సబ్జెక్టులు ఒకటో రెండో తగ్గొచ్చు. దానికి యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు, సబ్జెక్టువారీ సిలబస్ కావాలి. మన దగ్గర అవి రావడానికి ఎంత పడుతుందో మీకు చెప్పక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టండి.

జొన్నరొట్టె:

ప్లేస్‌మెంట్ కాగితాల గురించి నేను చెప్తాను. పాఠాలు బాగా చదివేవాళ్లు కూడా ఇక్కడ సెమిస్టర్ పోగొట్టుకుంటున్నారు.

కావలసినవి: వల్నరబుల్ సెక్టార్ పోలీస్ చెక్ (పిల్లల్లాంటి బలహీనులతో పనిచేసేవాళ్లకు చేసే పోలీసు తనిఖీ), టీకాల రికార్డు, టీబీ పరీక్ష, స్టాండర్డ్ ఫస్ట్ ఎయిడ్‌తో పాటు పసిపిల్లల సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగితే చేసే ప్రథమ చికిత్స) ఉన్న సర్టిఫికెట్. వీటిలో ఏది లేకపోయినా సెంటర్ గడప తొక్కనివ్వరు.

టీబీ పరీక్షకే ఎక్కువ టైం పోతుంది. చర్మం కింద మందు ఎక్కించి 48 నుంచి 72 గంటల్లో మళ్లీ వెళ్లి చూపించాలి. చాలా కాలేజీలు రెండు దశల పరీక్ష అడుగుతాయి. అంటే మొదటిది నెగెటివ్ వస్తే ఒకటి నుంచి మూడు వారాల తర్వాత ఇంకోటి చేసి, దాన్నీ అలాగే చూపించాలి. మొత్తం నాలుగుసార్లు క్లినిక్‌కి తిరగడం. గురువారం వేయించుకుంటే చూపించాల్సిన రోజు శని, ఆదివారాల్లో పడుతుంది, క్లినిక్ మూసి ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. సోమ, మంగళవారాల్లో వేయించుకోండి. మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది: చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నవాళ్లలో కొందరికి జబ్బు లేకపోయినా ఇది పాజిటివ్ చూపిస్తుంది. కంగారు పడొద్దు. ఛాతీ ఎక్స్‌రే తీయించి డాక్టరు లెటర్ తెచ్చుకోవాలి. ఆ అపాయింట్‌మెంట్లకి కూడా టైం లెక్క వేసుకోండి.

చిన్నప్పటి టీకాల కార్డు గుంటూరులో ఏ పెట్టెలో ఉందో వెతికించే బదులు, తట్టు, రుబెల్లా లాంటి వాటికి రక్తపరీక్షలో రోగనిరోధకత చూపిస్తే సరిపోతుందేమో కాలేజీని అడగండి. లేదంటే మళ్లీ వేయించుకోవచ్చు.

పోలీస్ చెక్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉంటే వెనక్కి పంపుతారు. పుట్టినతేదీ పాత రికార్డు దేనితోనో కలిసిందంటే వేలిముద్రలు అడుగుతారు. అది నేరారోపణ కాదు, కేవలం పోల్చి చూడటానికే. కాకపోతే వారాలు పడుతుంది. సెప్టెంబరులో చేరేవాళ్లు జులైలోనే ఇవన్నీ మొదలుపెడితే నిశ్చింత. పోలీస్ చెక్ ఒక్కటి మాత్రం మరీ ముందు తీయకండి, ఆరు నెలలు దాటితే పాతదంటారు.

నీళ్లతొట్టి:

ఎక్కడ తడబడతారని అడిగారు కదా. ఎక్కువమంది తడబడేది అబ్జర్వేషన్, అంటే పిల్లలు చేసింది చూసినట్టు నమోదు చేసే నోట్సు, రాయడంలో. ఈ చదువు మొత్తానికి ఆయువుపట్టు అదే అని నా నమ్మకం. మన టీచర్లకు మార్కులు వేసే అలవాటు బలంగా ఉంటుంది, అది ఇక్కడ అడ్డొస్తుంది.

ఇలా రాస్తారు: "పాప నీళ్లతో సంతోషంగా ఆడుకుంది. తెలివైన పిల్ల." ఇందులో చూసింది ఏమీ లేదు, రాసినవాళ్ల అభిప్రాయమే ఉంది. రాయాల్సింది ఇలా: "9:40. పాప గరాటుని సీసా మూతిలో పెట్టి చెంబుతో 3 సార్లు నీళ్లు పోసింది. నాలుగోసారి గరాటు ఒరిగి నీళ్లు కింద పోయాయి. సీసా వైపు చూసింది. ఎడమచేత్తో గరాటుని పట్టుకుని మళ్లీ పోసింది." ఇది చదివినవాళ్లకు ఆ పిల్ల కారణం వెతికిందని, రెండు చేతులకూ రెండు పనులు అప్పజెప్పిందని తెలుస్తుంది. రేపు ఏం పెట్టాలో కూడా ఇందులోంచే వస్తుంది: సన్నమూతి సీసా ఒకటి, వెడల్పు మూతిది ఒకటి. ఒంటారియో విద్యాశాఖ 2014లో ఇచ్చిన "హౌ డజ్ లెర్నింగ్ హాపెన్?" పత్రం నడిచేది ఈ దారిలోనే. పిల్లవాడు ఏం చేస్తున్నాడో చూసి దాని మీద కట్టుకుంటూ పోవాలి. ముందే రాసుకున్న లెసన్ ప్లాన్ తీసుకెళ్లి పిల్లలందరినీ కూర్చోబెట్టి ఏబీసీడీలు చెప్పించబోయేవాళ్లకు ప్లేస్‌మెంట్‌లో మంచి రిపోర్టు రాదు.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది స్టాఫ్ ఉండాలన్న నిష్పత్తులు బట్టీ పట్టేయండి. 18 నెలల లోపు పిల్లలు 10 మందికి ముగ్గురు, 18 నుంచి 30 నెలల వాళ్లకు 5 మందికి ఒకరు, ఆపైన ప్రీస్కూల్ పిల్లలకు 8 మందికి ఒకరు. స్టూడెంట్ ఈ లెక్కలోకి రారు, పిల్లలతో ఒంటరిగా ఉండనూ కూడదు. "ఒక్క నిమిషం చూసుకో, ఇప్పుడే వస్తా" అని స్టాఫ్ వెళ్లబోతే, మర్యాదగానే, నేను స్టూడెంటునని చెప్పండి. అలా చెప్పడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు.

శుభ్రం చేయడంలో తరచూ జరిగే పొరపాటు: మురికి బల్ల మీదే బ్లీచ్ నీళ్లు కొట్టి వెంటనే తుడిచేస్తారు. మురికి ఉంటే బ్లీచ్ దాంతోనే ఖర్చైపోతుంది, క్రిముల దాకా పోదు. ముందు సబ్బునీళ్లతో కడగాలి, తర్వాత ద్రావణం కొట్టి, గోడమీద చార్టులో ఎంతసేపు తడిగా ఉంచమన్నారో అంతసేపు వదలాలి. మామూలు 5.25 శాతం బ్లీచ్ అయితే డైపర్ బల్లకి 1:50, అంటే 20 మిల్లీలీటర్లు 980 మిల్లీలీటర్ల నీళ్లలో. బొమ్మలకి, భోజనం బల్లకి 1:500, లీటరుకి 2 మిల్లీలీటర్లు. బ్లీచ్ శాతం సీసా సీసాకీ మారుతుంది, లేబుల్ చూడకుండా కలపొద్దు.

వేపచెట్టు:

ఈఏ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎడ్యుకేషనల్ అసిస్టెంట్లు స్కూల్ బోర్డుల్లో, ఎక్కువగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తారు. దీనికి ఈసీఈలా లైసెన్సు సంస్థ లేదు. అర్హత ఏమిటన్నది ఏ బోర్డుకి ఆ బోర్డు నిర్ణయిస్తుంది. చాలా బోర్డులు సంబంధిత రెండేళ్ల డిప్లొమా అడుగుతాయి. కాబట్టి కొన్ని నెలల ప్రైవేటు సర్టిఫికెట్‌కి డబ్బు కట్టేముందు మీ ప్రాంతపు పీల్ స్కూల్ బోర్డు ఉద్యోగ ప్రకటన ఒకటి తెరిచి అర్హతల వరస చదవండి. పనిలో టాయిలెట్‌కి తీసుకెళ్లడం, చక్రాల కుర్చీలోంచి ఎత్తడం, కోపంలో కొట్టే పిల్లవాణ్ని తనకీ ఇతరులకీ దెబ్బ తగలకుండా శాంతపరచడం ఉంటాయి. ఒంట్లో సత్తువ, మనసులో నిదానం రెండూ కావాలి. మొదట్లో చాలామందికి పిలిచినరోజే పని.

ఈసీఈ చేసినవాళ్లకు బడిలో కూడా చోటుంది. కిండర్‌గార్టెన్ తరగతిలో 16 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే టీచరుతో పాటు ఒక ఈసీఈ ఉండాలి. ఆ ఈసీఈ టీచరుకి సహాయకురాలు కాదు, ఇద్దరూ కలిసి ప్రణాళిక వేస్తారు. మీకు మూడు నుంచి ఆరేళ్ల వయసు ఇష్టమైతే నా ఓటు ఈసీఈకే. డే కేర్, బడి రెండు తలుపులూ తెరిచి ఉంటాయి.

కృష్ణాతీరం:

అందరికీ చాలా థాంక్సండీ. ట్రాన్స్‌క్రిప్టులకి ఇవాళే మా తమ్ముడికి చెప్పాను. ఇంకొక్క సందేహం. పిల్లలు అన్నం తినకుండా వదిలేస్తే మనం తినిపించవచ్చా? రెండేళ్ల పిల్లలకి చేత్తో రెండు ముద్దలు పెడితే తప్పంటారా?

నీళ్లతొట్టి:

ఇది అడగడం చాలా మంచిదైంది. బలవంతంగా తినిపించడం, తాగించడం ఇక్కడ అలవాటుకో అభిరుచికో సంబంధించిన విషయం కాదు. లైసెన్సు ఉన్న సెంటర్లలో నిషేధించిన పనుల జాబితాలో, కొట్టడంతో పాటు, అది కూడా రాసి ఉంది. "ఇది తింటేనే బయటికి తీసుకెళ్తా" అనడం కూడా మానేయండి. మనకు ప్రేమగా కనిపించే "ఇంకొక్క ముద్ద, కాకి వచ్చి ఎత్తుకుపోతుంది" కూడా పిల్ల మొహం తిప్పేసుకున్నాక బలవంతమే.

చేయాల్సింది ఇది. వాళ్లతో పాటు చిన్న కుర్చీలో కూర్చోండి. గిన్నె, గరిటె వాళ్ల ముందు పెట్టి, వాళ్లనే వడ్డించుకోనివ్వండి, ఒలికితే గుడ్డ ఇచ్చి తుడుచుకోమనండి. అసలు ముట్టకపోతే మరోసారి అడిగి, వద్దంటే వదిలేయండి. ఆ పూట ఏం తిన్నదీ, ఏం వదిలేసిందీ రోజువారీ షీటులో రాస్తే సాయంత్రం తల్లికి తెలుస్తుంది. వరసగా రెండు మూడు పూటలు తినకపోతే మీరే ఏదో చేయకుండా గది ఈసీఈకి చెప్పండి. జ్వరమో, పళ్లు వస్తున్నాయో, ఇంట్లో పాల మోతాదు ఎక్కువైందో వాళ్లు కనుక్కుంటారు. ఇంకోటి, మీ డబ్బాలోది ఏదీ, చిన్న చక్కిలం ముక్క అయినా సరే, పిల్లలకి పెట్టకండి. ఎవరికి ఏది పడదో తెలిపే అలర్జీ జాబితా వంటగదిలోనూ, పిల్లలుండే గదుల్లోనూ అతికించి ఉంటుంది. మొదటిరోజు లోపలికి వెళ్లగానే బ్యాగు పెట్టి, ముందు అది చదవండి.